తాపీ తీరాన పచ్చిక ప్రదక్షిణం

వానలు వెనుదిరిగే వేళ తాపీ ఒడ్డున బీడును చూడాలి. సూరత్ ఇళ్ల వరసలు దాటి, వజ్రాలు సానపట్టే మేడలు దాటి, మరమగ్గాల హోరు దాటి కామ్రేజ్ దిక్కుగా పోతే, చెరకు తోటల సందున ఈ ఏడు నాగలి ఎరగని నేల ఒకటి ఎదురవుతుంది. దాన్ని బీడు అనడానికి నోరు రాదు. నైరుతి మేఘం నాలుగు నెలలు కురిసిన కరుణంతా అక్కడ నిలువెత్తు పచ్చదనమై నిలిచి ఉంటుంది. అడుగున గరిక, గరిక మీద తుంగ, తుంగను దాటి తుమ్మి, తుమ్మి తెల్లపూల పైన ఉత్తరేణి ముళ్లకంకి, దాని పైన గునుగు గులాబి కుచ్చులు, అన్నింటికీ ఆవల నదివైపు వాలులో పూచిన రెల్లు. గాలి వీచినప్పుడల్లా వెండిగా ఒరిగి, గాలి ఆగినప్పుడల్లా తెల్లగా లేచే రెల్లు. విత్తిన చెయ్యి కనబడదు. నీరు పెట్టిన కాలువ కనబడదు. అయినా అరచెయ్యి ఆనించేంత ఖాళీ లేదు.

స్వామీ, మేం చాళ్లు కొలిచి విత్తుతాం. గింజకూ గింజకూ నడుమ ఎడం చూసుకుంటాం, మొలవని చోట మళ్లీ నాటుతాం, రాత్రి పూట లేచి లెక్కలు చూసుకుంటాం. నీవు ఒక్క మృగశిర కార్తెలో, ఒక్క తొలకరి ఊపిరితో, లెక్క లేకుండా చల్లి పోతావు. కాకి ముక్కున జారింది, చీమ మోసుకుపోయింది, ఆవు పేడలో కలిసింది, గాలి నూగు పట్టుకొని ఎగిరింది, ఏదీ దారి తప్పదు. ప్రతి గింజా తన వేళకు తన చోట తల ఎత్తుతుంది. ఇంత సంపదకు కంచె లేదు, కాపలా లేదు, దానపత్రం మీద నీ పేరైనా లేదు.

*

ఈ నది సూర్యుని బిడ్డ. మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయిలో పుట్టి, 724 కిలోమీటర్లు నడిచి, సూరత్ దాటి అరేబియా సముద్రంలో కలుస్తుంది. మన పెద్ద నదుల్లో చాలా వాటిది తూర్పు దారి. గోదావరిది అదే, కృష్ణది అదే. తాపీ మాత్రం నర్మదకు తోడుగా, తండ్రి అస్తమించే దిక్కుకే పరుగు తీస్తుంది. ఆషాఢ శుద్ధ సప్తమి ఆమె పుట్టినరోజు. ఆ రోజు సూరత్ జనం నీళ్ల మీద పొడవాటి చుందడీ పరుస్తారు. దేశమంతటికీ చీరలు పంపే ఊరు తన తల్లికి చీర పెట్టుకునే రోజు అది.

ఆదిపర్వంలో ఆమె కథ ఉంది. గంగ ఒడ్డున అంగారపర్ణుడనే గంధర్వుడు అర్జునుడికి చెప్పిన కథ, గోదావరి ఒడ్డున నన్నయ తెనిగించిన పర్వంలోని కథ. సూర్యపుత్రి తపతిని సంవరణుడు కొండ మీద చూశాడు. చూపు తిప్పుకోలేక అక్కడే ఉండి సూర్యుణ్ణి ఉపాసించాడు. వసిష్ఠుడు ఆకాశానికి వెళ్లి తండ్రిని ఒప్పించి ఆమెను తెచ్చి ఇచ్చాడు. ఆ ఇద్దరూ పన్నెండేళ్లు కొండ దిగలేదు. రాజు లేని రాజ్యంలో పన్నెండేళ్లు చినుకు రాలలేదు. పచ్చిక మాడింది, పశువు ఒరిగింది, జనం దిక్కులు పట్టారు. వసిష్ఠుడు మళ్లీ కదిలాడు, దంపతులను ఊరికి తోడుకొని వచ్చాడు. తపతి వచ్చిన నేల మీద ఇంద్రుడు కురిశాడు. మోడులన్నీ చిగిర్చాయి.

ఆ తపతి కడుపున పుట్టినవాడు కురువు. శల్యపర్వం అతణ్ణి నాగలి పట్టిన రాజుగా చూపుతుంది. దున్నుతున్నాడు, దున్నుతూనే ఉన్నాడు. ఇంద్రుడు దిగివచ్చి ఎందుకయ్యా ఈ శ్రమ అని అడిగాడు, జవాబు విని నవ్వి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ నవ్వాడు. రాజు నాగలి వదల్లేదు. చివరికి దేవతలే ఆ చాళ్ల ముందు మెత్తబడి వరమిచ్చారు.

తల్లీ తపతీ! వాన నీ అడుగుల వెంట వచ్చింది, నాగలి నీ కొడుకు చేతిలో నిలిచింది. పచ్చగా పొంగడం నీ పుట్టింటి సొత్తు, ఆ పొంగును సవరించడం నీ బిడ్డ నేర్చిన విద్య. నీ ఒడ్డున నేలను చక్కదిద్దే ప్రతి చెయ్యీ, అది ఎద్దు పగ్గం పట్టినా ట్రాక్టర్ స్టీరింగ్ పట్టినా, నీ వంశానిదే.

*

ఈ మట్టి నల్లరేగడి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కను మీద భూమి నెరియలు విచ్చి లావా పొరలు పొరలుగా పారింది. మండి, ఆరి, గట్టిపడిన ఆ నల్లరాయి ఎండకు పగిలి, వానకు నాని, యుగాల మీద మెత్తబడి మట్టయింది. ఆ మట్టినే తాపీ ఎగువ కొండల నుంచి ఒండ్రుగా మోసుకొచ్చి ఇక్కడ పరిచింది. ఆదిలాబాద్ పత్తిచేల కింద ఉన్నదీ, వికారాబాద్ కందిచేల కింద ఉన్నదీ ఆ అగ్నిప్రసాదమే. మగ్గాల వెంట ఇల్లు విడిచి వచ్చిన తెలుగువాళ్లం ఈ పొలం గట్టున కాలు పెడితే, మడమకు అంటిన జిగురు మన ఊరి జిగురే.

ఎండాకాలం ఈ నేల నోరు తెరుచుకొని ఉంటుంది, పాదం దిగబడేంత బీటలతో. గాలి ఊడ్చిన పైమట్టి ఆ బీటల్లోకి జారుతుంది. తొలకరికి నేల ఉబ్బుతుంది, లోపలి మట్టి పైకి లేస్తుంది, బీటలు పూడుతాయి. తనను తానే దున్నుకునే నేల! హాలికుడు లేని నాడూ సేద్యం ఆగని నేల!

గడ్డి ఈ మట్టి కన్నా చిన్నదని అనుకుంటాం. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా పిస్దూరా దగ్గర రాయిగా మారిన డైనోసార్ల పేడ దొరికింది. దాన్ని శోధించిన మన దేశపు శాస్త్రవేత్తలు, స్వీడన్ శాస్త్రవేత్తలు అందులో గడ్డి ఆకుల సిలికా కణాలు ఉన్నాయని 2005లో ప్రకటించారు. తర్వాతి శోధనలో వరి తెగ ఆనవాళ్లూ బయటపడ్డాయి. అంటే ఈ రేగడికి తల్లి అయిన లావా ఇంకా పారుతున్న కాలానికే, కొండలంత జీవాలు తలలు వంచి పచ్చిక మేశాయి. మేసిన కొండలు కూలాయి. మేయబడిన పరక మిగిలింది. బలమంటే ఏమిటో నీ లెక్క వేరు స్వామీ.

*

చెట్టుకు పెరుగుదల కొమ్మ కొసన ఉంటుంది. చిగురు తుంచితే ఆ కొమ్మ పక్కకు తిరగాల్సిందే. గడ్డికి మాత్రం ఆ ఊటను నీవు పాదాల దగ్గర దాచావు. ఆకు మొదట్లో, కణుపు పైన, మట్టిని ఆనుకొని, ఆవు పన్నుకూ కొడవలి వాదరకూ అందని లోతులో. పైన ఎంత తెగినా కింది నుంచి ఆకు నెట్టుకు వస్తుంది. మొన్న కోసిన పరకే నేడు మొండి తలతో లేచి నిలబడుతుంది. తెగే చోటును ఒక దిక్కున, చిగిర్చే చోటును ఒక దిక్కున ఉంచావు. గాయం పుట్టక ముందే మాన్పు పుట్టించావు.

నేల కింద మరో వైభవం. వృక్షశాస్త్రవేత్త డిట్మర్ అమెరికాలోని అయోవాలో ఒక్క రై మొక్కను పెట్టెలో నాలుగు నెలలు పెంచి, మట్టి కడిగి, వేళ్లు కొలిచి, ఆ లెక్కను 1937లో ప్రకటించాడు. రై కూడా గడ్డి కుటుంబపు ధాన్యమే. ఆ ఒక్క మొక్క వేళ్లన్నీ కొసకు కొస కలిపితే 620 కిలోమీటర్ల పైచిలుకు. ముల్తాయి నుంచి సముద్రం దాకా తాపీ నడిచిన దారికి వంద కిలోమీటర్లే తక్కువ. ఒక దుబ్బు కింద ఒక నది! మనం తొక్కుకుంటూ పోయే బీడులో ఎన్ని తాపీలు చీకట్లో చుట్టలు చుట్టుకొని ఉన్నాయో, ఎన్ని నర్మదలు మట్టిని ఒడిసి పట్టుకొని ఉన్నాయో!

ఇక ఆకు. సూర్యుణ్ణి చక్కెరగా మార్చే వెలుగుల కొలిమి అది. చెరకు, జొన్న, మొక్కజొన్న, గరిక, ఇవన్నీ గాలిలోని బొగ్గుపులుసు వాయువును ముందు ఒక చోట పోగుచేసుకొని, ఆపైన ఆకు లోపలి అరల్లో చక్కెర కడతాయి. అందుకే మండే ఎండలో, కొద్ది నీటితో, మిగతా మొక్కలు వాడిపోయే వేళ ఇవి పచ్చగా నవ్వుతాయి. ఆ దారిని హవాయిలో చెరకు ఆకుల మీద శోధించినవాళ్లు మొదట కనిపెట్టారు. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు 1966లో దాన్ని విడమరచి చెప్పారు. చెప్పిన వేళ పుస్తకంలోకి ఎక్కింది కాని, గరిక ఆ విద్యను అంతకు ముందే ఎన్నో యుగాలుగా ఎండలో కూర్చొని వల్లిస్తూనే ఉంది. తపతీ, నీ తండ్రి కిరణాన్ని చేత పట్టి తీపిగా అందించే ఈ పచ్చని చేతులు నీకు ఏమవుతాయి? అక్కచెల్లెళ్లే అవుతాయి.

*

ఈ మహారణ్యంలోకి ఒక చిన్న ట్రాక్టర్ వస్తుంది. రాజ్‌కోట్ కార్ఖానాల నుంచి గుజరాత్ చేలకు వచ్చిన జాతి అది. పదిహేను, ఇరవై గుర్రాల బలం. పెద్ద ట్రాక్టర్ పక్కన నిలిపితే దాని భుజం దాకా రాదు. చీకూ కొమ్మల కింద నుంచి, మామిడి వరసల నడుమ నుంచి కొమ్మ విరగకుండా దూరిపోగల పొంకం. మూడడుగులు అడిగినవాడు ముల్లోకాలు కొలిచినట్టు, నాలుగడుగుల గడ్డికోత స్లాషర్ వెనక కట్టుకొని ఇది ఎకరాలు కొలుస్తుంది. నాలుగడుగుల వెడల్పున కోసుకుంటూ పోతే ఒక ఎకరానికి మూడు కిలోమీటర్ల పైచిలుకు నడక. పదెకరాల బీడుకు 33 కిలోమీటర్లు. యాత్ర అంటే మరేమిటి?

దాని వెనక మూడు చేతులున్నాయి, కింద రెండు, పైన ఒకటి. పనిముట్టును ఆ మూడు చేతులతో పట్టి ఎత్తి దించే పద్ధతిని ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గ్యుసన్ రూపుదిద్దాడు. మట్టి లాగే బరువంతా ట్రాక్టర్‌ను వెనక్కి పడదోయకుండా చక్రాలను నేలకు అదిమేలా కుదిర్చాడు. అడ్డుపడే బరువునే పట్టుగా మలిచే ఆ కిటుకు వల్లే చిన్న ఒంటికి పెద్ద పని చేతనైంది. ఇంజను బలాన్ని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఆ చుట్టు గేర్‌బాక్సులో మలుపు తిరిగి స్లాషర్ రేకు కింద బ్లేడ్ల చక్రమవుతుంది. చూపుకు అందని చక్రం, నేలకు బెత్తెడు ఎత్తున తేలే సుదర్శనం.

నడిపే కాకా పొద్దున్నే దానికి చేసే ఉపచారాలు గుడిలో చూసినవే అనిపిస్తాయి. నూనె కడ్డీ తీసి తుడిచి చూస్తాడు. షాఫ్టు కీళ్లకు గ్రీజు పట్టిస్తాడు. బ్లేడ్లకు సాన చూసుకుంటాడు, నట్లు ఒక్కొక్కటే బిగిస్తాడు. రేడియేటర్ జాలీ మీద నిన్నటి గడ్డి నూగును దులుపుతాడు. బానెట్‌కు కుంకుమ బొట్టు పెట్టి, జయ్ శ్రీకృష్ణ అని సీటెక్కుతాడు. అప్పటికీ కదలడు. మంచు ఆరాలి. తడి గడ్డి తెగదు, నలిగి చుట్టుకుంటుంది. సూర్యుడు చెప్పేదాకా ఆగడమే మొదటి పని.

అంతకు ముందే పొలమంతా కాలినడకన చుట్టి వచ్చి ఉంటాడు. రాళ్లు ఏరి గట్టుకు వేశాడు, తెగిపడిన తీగ చుట్టలు తీశాడు, గుంత ఉన్న చోట పుల్ల పాతి గుడ్డపేలిక కట్టాడు. నడుమ ఒక పుట్ట ఉంది. దాని చుట్టూ నాలుగు బారల పచ్చిక అలాగే వదిలేస్తాడు. అది నాగదేవత ముంగిలి, అక్కడ కోత లేదు.

కోత మొదలయ్యేది పొలం నడిబొడ్డున. గట్ల వైపు నుంచి లోపలికి కోసుకుంటూ వస్తే కుందేలూ పూరేడూ కౌజూ నడుమన చిక్కుకుంటాయి. నడుమ నుంచి చుట్లు పెంచుకుంటూ బయటికి పోతే, ప్రతి చుట్టుకూ ఒక అడుగు ముందు, ప్రతి ప్రాణానికీ పరుగు తీసే దారి మిగులుతుంది. ఇంజను హోరు, గేరు మాత్రం కిందిది. వేగం బ్లేడుకే, చక్రాల నడక నెమ్మది. తొలి చుట్టు జానెడు ఎత్తున, మలి చుట్టు బెత్తెడు ఎత్తున. ఒక్కసారే గొరగడు. నేలకు నీడ మిగలాలి, పరకకు ఊట మిగలాలి, చీమకు ఇల్లు మిగలాలి. కుడివైపు తిరిగి, మళ్లీ కుడివైపు తిరిగి, దైవాన్ని నడుమ ఉంచుకొని తిరిగే తిరుగుడే అది.

తెగిన పచ్చిక వాసన లేస్తుంది. ఆకు గాయపడి విడిచే ఊపిరి అట, ఆ పరిమళం. గాయం పరిమళమయ్యేలా సృష్టించిన చేతికి నమస్కారం.

*

ఇంజను చప్పుడు వినగానే ఆకాశం కిందికి దిగుతుంది. మిడతలు చిటపటమని లేస్తాయి, వాటి వెంట పసులపోలిగాళ్లు నల్లని మెరుపులై వంగుతాయి. కొత్తగా తెగిన చుట్టు మీద తెల్లకొంగలు వరస కట్టి, చక్రానికి నాలుగు అడుగుల వెనక, పిలవని పేరంటానికి వచ్చిన పెద్దమనుషుల నడకతో నడుస్తాయి. గోరింకలు జంటలుగా దూకుతాయి. తూనీగలు పైన చక్రాలు కడతాయి. దాగినవాటిని దారికి తెచ్చి, ఆకలిగొన్నవాటికి విస్తరి వేసి, మిగిలినవాటికి గట్టు చాటు చూపించి, ఎవరి వంతు వాళ్లకు పంచే వడ్డన ఒకటి ఆ చుట్ల మీద నిశ్చింతగా సాగిపోతుంది. గట్టు మీది ఈతచెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. గడ్డి ఆకును నిలువునా చీల్చి, దారంగా తీసి, ముడి వేసి, పడుగులో పేక దూర్చి అల్లిన గూళ్లు. కరీంనగర్ నుంచీ నల్గొండ నుంచీ వరంగల్ నుంచీ సూరత్ వచ్చి లింబాయత్‌లో, ఉధ్నాలో మగ్గం మీద బతికిన మావాళ్లు ఆ గూటి కింద నిలబడితే ముందు ముడులే చూస్తారు. చూసి తల ఊపుతారు.

వానలకు ముందు ఈ పొలం మీదే టిటోడీ అరిచి ఉంటుంది. మన తీతువు. అది గుడ్లు ఎంత మిట్టన పెడితే ఆ ఏడు వానలు అంత మెండుగా కురుస్తాయని ఇక్కడి రైతుల నమ్మకం. పంచాంగం పిట్ట కాళ్ల కింద ఉంచిన నేల ఇది.

*

కలుపు అన్న మాట ఎంత తొందరగా అంటాం! వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రి కావాలి. ఉత్తరేణి కావాలి, ఉమ్మెత్త కావాలి, విష్ణుక్రాంతం కావాలి, వాకుడు కావాలి, జిల్లేడు కావాలి, గరిక లేనిదే గణపతి పూజే లేదు. వీటిలో నారు పోసి పెంచింది ఏది? అన్నీ మనం పీకి గట్టున పారేసేవే. రాజులు కట్టించిన ఉద్యానవనాల పూలన్నీ ఒక వైపు ఉంచి, ఏనుగు మొగం సామి ముందుగా చేయి చాపింది బీటి పొలం మొక్కలకే. యజ్ఞానికి దర్భ, ఔపాసనకు దర్భ, తర్పణానికి దర్భ. గట్టు మీద పశువు ముట్టని ఆ గరుకు పరకను వేలికి చుట్టుకున్నాకే మన నోట మంత్రం.

వయ్యారిభామ కూడా ఉంది ఈ పొలంలో, తెల్లతెల్లని చిన్నిపూలతో. దూరదేశపు మొక్క. 1955లో పుణెలో కనబడింది, ఆపై దేశమంతా అల్లుకుంది. ముట్టుకుంటే దురద, పీలిస్తే ఆయాసం. కాకా దాన్ని పూత పట్టక ముందే కోయాలని చూస్తాడు, మిగిలిన దాన్ని చేతికి గుడ్డ చుట్టుకొని వేళ్లతో సహా పీకుతాడు. అయినా దాని ఆకు కింద తొంగిచూడండి. పసుపు రెక్కల మీద నల్లగీతల పురుగొకటి తాపీగా మేస్తూ ఉంటుంది. ఆ మొక్క పుట్టిన మెక్సికో నుంచే దాన్ని తెచ్చి 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. విషం ఏ నేలన పుట్టిందో విరుగుడూ ఆ నేలనే పుట్టించి ఉంచావు. నీ సృష్టిలో ఒంటరిగా వదిలిన చెడుగు ఒక్కటైనా ఉందా?

*

మనం తినేది గడ్డే. వరి గడ్డి, జొన్న గడ్డి, గోధుమ గడ్డి, సజ్జా రాగీ కొర్రా గడ్డే. ఈ పొలానికి అటూ ఇటూ నిలబడిన చెరకు, నిలువెత్తు తీపి గడ్డి. 1928లో పెంచిన శిస్తు కట్టబోమని నిలిచి గెలిచిన బార్డోలీ రైతుల నేల ఇక్కడికి పక్కనే. ఆ నేల మీద నేడు చెరకు బళ్లు చక్కెర మిల్లుకు వరస కడతాయి. చలికాలం వస్తే సూరత్ వీధుల్లో పోంక్ వాసన. పాలు పట్టిన లేత జొన్నకంకిని నిప్పుల మీద కాల్చి, నలిచి, పచ్చని గింజను సేవ్‌తో నిమ్మరసంతో కలిపి దొన్నెలో పెడతారు. గడ్డిగింజ అంత లేతగా నవ్వగలదని ఆ దొన్నె ముందు నిలబడినవాళ్లకే తెలుసు.

ట్రాక్టర్ రాక ముందే ఆడవాళ్లు కొడవళ్లతో వచ్చి మంచి మేతను కోసుకుంటారు. మోపులు కట్టి తలకెత్తుకుంటే, నడిచే పచ్చని గోపురాల వరస. కొంత ఇంటి గేదెకు, కొంత ఒట్టిపోయిన ఆవును సైతం కడదాకా సాకే పాంజరాపోల్‌కు. ఉత్తరాయణం నాడు గుజరాతీలు ఆవుకు ఇంత గడ్డి తినిపించందే పండుగ పూర్తయిందనుకోరు. పరక పాలవుతుంది, పాలు వెన్నవుతాయి, వెన్న నెయ్యవుతుంది, నెయ్యి దీపమవుతుంది. ఆకు పట్టిన సూర్యకిరణం ఇన్ని మెట్లు దిగి, మళ్లీ గర్భగుడిలో వెలుగై నిలబడుతుంది. అన్నపూర్ణా! నీ గరిటె పిడి ఎంత పొడవమ్మా, ఆకాశాన మొదలై మా విస్తట్లో తేలింది!

*

భాద్రపద బహుళం ముగియవస్తున్నది. పొలం గట్ల దాకా చుట్లు చేరాయి. కాకా చివరి చుట్టు ముందు ఇంజను ఆపి చెయ్యి ఊపుతాడు. గట్టు పొడవునా గునుగు నిలిచి ఉంది, అంటని జ్వాలల్లా, వెలిసిన గులాబి రంగున. మా ఆడబిడ్డలు సంచులు పట్టుకొని దిగుతారు. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ. కోసిన గునుగుకు రంగులద్ది, వరస మీద వరస పేర్చి, పైన గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మను నిలిపితే, పొద్దున స్లాషర్ దారిలో నిలిచి ఉన్న మొక్క సాయంత్రానికి అమ్మవారు. కలుపు నుంచి కలశం దాకా ఒక్క పూట దూరం.

మరునాటి నుంచి ఇక్కడి వాళ్లకు నవరాత్రి. కోసి చదును చేసిన నేల నడుమ చిల్లుల మట్టికుండ, కుండలో దీపం, దీపం చుట్టూ గర్బా. అటు తెలుగు వాడల్లో పూలగోపురం చుట్టూ బతుకమ్మ. అక్కడా చుట్టే, ఇక్కడా చుట్టే. అక్కడా చప్పట్లే, ఇక్కడా చప్పట్లే. బ్లేడు తిరిగిన నేల మీద ట్రాక్టర్ తిరిగింది, ట్రాక్టర్ తిరిగిన నేల మీద పరికిణీలు తిరుగుతున్నాయి, పరికిణీల పైన చుక్కలు తిరుగుతున్నాయి, అన్నింటినీ తిప్పుతూ తాను కదలక నిలిచి ఉన్న దీపమా, నీవెవరు తల్లీ! ఆడే పాదాల కింద ఆ బెత్తెడు పచ్చిక మెత్తగా అణగి, పాదం లేవగానే తానూ లేస్తున్నది. ఆ అణకువ మాకు ఇవ్వు. ఆ లేవడం మాకు ఇవ్వు.

ఈ పచ్చికను విత్తిన మేఘానికి మంగళం. దీన్ని మోసిన నల్లరేగడికి మంగళం. చాలు చాలుకూ ఆగి చూసి, పిట్టకు దారి విడిచి, పుట్టకు నీడ విడిచి కోసిన చేతికి మంగళం. అలుపెరగని చిన్న ఇంజనుకు, అది తాగిన నూనెకు, దాని నుదుటి బొట్టుకు మంగళం. మేసిన నోటికి, మోపు మోసిన తలకు, గునుగు పేర్చిన వేళ్లకు మంగళం. సూర్యుని ఇంట పుట్టి పడమటి కడలిలో కలిసే తాపీ తల్లికి మంగళం. కోసిన కొద్దీ కోటి పరకలై లేచే నీ దయకు, జగజ్జననీ, జయ మంగళం, నిత్య శుభ మంగళం.